సిస్టమ్ లేవకపోతే లోపలివన్నీ పోయినట్టేనా?

ప్రశ్న: మాది కూచిపూడి. ఇంట్లోనే పిల్లలకు నాట్యం నేర్పుతాం. పాత కంప్యూటర్లో ఎన్నో ఏళ్ళుగా దాచుకున్న పాటలు, క్యాసెట్ల నుంచి ఎక్కించిన రికార్డింగులు, రంగప్రవేశాల ఫోటోలు ఉన్నాయి. మొన్న గాలివానకి కరెంటు రెండు మూడుసార్లు పోయి వచ్చింది. ఆ తర్వాత ఆన్ చేస్తే నల్లటి తెర మీద ‘మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్’ అని ఒక్క లైను వచ్చి ఆగిపోతోంది. షాపులో చూపిస్తే బూట్ రికార్డు పోయింది, ఫార్మాట్ కొట్టాలి అన్నారు. వద్దని ఇంటికి తెచ్చేశాం. లోపలివన్నీ పోయినట్టేనా?

పోయి ఉండవనే అనుకుంటున్నాను. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే పాటలూ ఫోటోలూ ఎక్కడివక్కడే ఉండాలి. ఫార్మాట్ చెయ్యనివ్వకుండా తెచ్చేసుకున్నారు కాబట్టే ఇంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. ఇక ఆ కంప్యూటర్ని మాటిమాటికీ ఆన్ చేసి చూడకండి. ప్లగ్గు తీసి పక్కన పెట్టి, మిగతాది తీరిగ్గా చదవండి.

మీ ఊళ్ళో ఇలాంటి రికార్డింగుల విలువ నాకు తెలుసు. కూచిపూడి నాట్యాచార్యులు వెంపటి చినసత్యం గారు, వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఇద్దరూ 2012లోనే వెళ్ళిపోయారు. ఆ తరం గొంతులు, ఆ తరం నట్టువాంగం ఒక ఇంటి హార్డ్ డిస్కులో ఉంటే, వాటిని మళ్ళీ రికార్డు చేసుకునే దారి లేదు. విండోస్ పోతే గంటలో మళ్ళీ వేసుకోవచ్చు. అందుకే ఈ సమాధానం కాస్త ఓపిగ్గా చెబుతాను.

అసలు బూట్ రికార్డు అంటే ఏమిటి?

హార్డ్ డిస్కులో జాగా అంతా సెక్టార్లుగా విడగొట్టి ఉంటుంది. ఒక్కో సెక్టారు లెక్కకు 512 బైట్లు. ఒక టెరాబైటు డిస్కులో అలాంటివి సుమారు 195 కోట్లు ఉంటాయి. వాటిలో మొట్టమొదటి సెక్టారు, అంటే సున్నా నంబరుది, బూట్ రికార్డు. పూర్తి పేరు మాస్టర్ బూట్ రికార్డు, పొట్టిగా ఎంబీఆర్. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ, దానితోపాటు డాస్ 2.0 వచ్చినప్పటి నుంచి ఈ ఏర్పాటు ఉంది.

ఆ 512 బైట్లలో మూడు రకాల సంగతులు ఉంటాయి. మొదటి 446 బైట్లలో ప్రధానంగా ఒక చిన్న ప్రోగ్రాము. తర్వాతి 64 బైట్లు పార్టిషన్ టేబుల్. అందులో నాలుగు వరసలు, వరసకు 16 బైట్లు. సీ డ్రైవ్ ఏ సెక్టారు దగ్గర మొదలై ఎంతదూరం సాగుతుంది, డీ డ్రైవ్ ఎక్కడ మొదలవుతుంది అన్న లెక్క అక్కడ ఉంటుంది. చివరి 2 బైట్లు ‘55, ఏఏ’ అనే గుర్తు. ఇది చెల్లుబాటయ్యే బూట్ సెక్టారే అని చెప్పడానికి ఆ గుర్తు. అంతే. మీ పాటల్లో ఒక్క చరణం కూడా ఆ సెక్టారులో లేదు.

దీనికి పోలిక మీ ఊళ్ళోనే ఉంది. కూచిపూడి అగ్రహారానికి సంబంధించి 1763 నాటి ఆస్తి పత్రం ఒకటుంది. హక్కుదారులుగా పదిహేను ఇంటిపేర్లు అందులో కనిపిస్తాయి. అలాంటి పత్రాన్ని చెదలు తినేసిందనుకోండి. ఎవరి వాటా ఎక్కడిదో చెప్పడం కష్టమవుతుంది, తగాదాలొస్తాయి. కానీ భూమి ఎక్కడికీ పోదు. గట్లు చెరగనంతవరకు మళ్ళీ కొలిచి కొత్త పత్రం రాసుకోవచ్చు. పార్టిషన్ టేబుల్ పోయినా అంతే. పత్రం పోయిందని పొలాన్ని దున్ని చదును చేసెయ్యడమే ఫార్మాట్.

తెర మీద వచ్చిన ఆ లైను ఏం చెబుతోంది?

చాలా చెబుతోంది. దాన్ని సరిగ్గా చదవగలిగితే సగం రోగం తెలిసిపోతుంది. అందుకు ముందు, బటన్ నొక్కిన దగ్గర్నుంచి విండోస్ వచ్చేదాకా ఎవరి తర్వాత ఎవరు పని అందుకుంటారో చూడాలి.

మొదట లేచేది మదర్‌బోర్డు మీద చిప్పులో ఉండే బయాస్. అది మెమరీని, కీబోర్డుని, డిస్కుల్ని తడిమి చూసుకుంటుంది. తర్వాత తనకు రాసి ఉన్న వరసలో ఒక్కో డిస్కు దగ్గరికీ వెళ్ళి సున్నా సెక్టారుని మెమరీలోకి తెచ్చుకుంటుంది. చివర ‘55, ఏఏ’ ఉంటే అందులోని చిన్న ప్రోగ్రాముకి పని అప్పగిస్తుంది. ఆ ప్రోగ్రాము పార్టిషన్ టేబుల్లో ‘యాక్టివ్’ అని గుర్తు ఉన్న వరసను వెతికి, ఆ పార్టిషన్ మొదటి సెక్టారుని చదివి, దానికి పని అప్పగిస్తుంది. ఆ సెక్టారు బూట్‌ఎంజీఆర్ అనే ఫైలుని లేపుతుంది. ఎక్స్‌పీ రోజుల్లో ఆ ఫైలు పేరు ఎన్‌టీఎల్‌డీఆర్. బూట్‌ఎంజీఆర్ వెళ్ళి బీసీడీ అనే జాబితా చదువుతుంది. విండోస్ ఎక్కడుందో ఆ జాబితాలో ఉంటుంది. అప్పుడు గానీ మనకు తెలిసిన తెర రాదు.

ఇందులో ప్రతి ఒక్కరికీ పని జరగనప్పుడు పలికే మాట వేరుగా ఉంటుంది. ‘నో బూటబుల్ డివైస్’ లేదా ‘ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్’ అంటే అది సాధారణంగా బయాస్ మాట. దానికి పనికొచ్చే డిస్కే దొరకలేదు. ‘ఇన్‌వాలిడ్ పార్టిషన్ టేబుల్’, ‘ఎర్రర్ లోడింగ్ ఆపరేటింగ్ సిస్టమ్’, ‘మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్’, ఈ మూడూ బూట్ రికార్డులోని ప్రోగ్రాము పలికే మాటలు. ‘బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్’ అన్నది పార్టిషన్ మొదటి సెక్టారు మాట. నీలం తెర మీద సున్నాలతో పొడుగాటి నంబరు వేసి బీసీడీ చదవలేకపోయానంటే, అప్పటికి బూట్‌ఎంజీఆర్ దాకా పని వచ్చినట్టు. ‘గ్రబ్ రెస్క్యూ’ అని వస్తే, ఆ కంప్యూటర్లో ఎప్పుడో లైనక్స్ వేసి, తర్వాత దాని పార్టిషన్ తీసేసి ఉండొచ్చు.

ఇప్పుడు మీ లైను చూడండి. బూట్ రికార్డు మొత్తం పోయి ఉంటే ఆ లైను రాయడానికి అక్కడ ఎవరూ ఉండరు. అది రాసింది బూట్ రికార్డే. అంటే ఆ చిన్న ప్రోగ్రాము బతికే ఉంది. టేబుల్ చదివింది, యాక్టివ్ పార్టిషన్ దగ్గరికి వెళ్ళింది, అక్కడి మొదటి సెక్టారు చివర ‘55, ఏఏ’ కనిపించక ఆగిపోయింది. కాబట్టి తప్పు రెండు చోట్ల ఉండొచ్చు. టేబుల్లోని చిరునామా తప్పయి ఉండాలి, లేదా ఆ పార్టిషన్ మొదటి సెక్టారు దెబ్బతిని ఉండాలి. షాపులో ‘బూట్ రికార్డు పోయింది’ అనడం వాడుక మాట. దగ్గరగానే ఉంది కానీ గురి కొంచెం తప్పింది.

ఇంకో మాట. పెన్‌డ్రైవ్ ఏదైనా వెనక పోర్టులో మర్చిపోయి ఉంటే బయాస్ ముందు దాని దగ్గరికే వెళ్ళి ఆగిపోవచ్చు. పీకేసి ఒక్కసారి ఆన్ చేసి చూడండి. అప్పుడే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయాస్‌లోకి వెళ్ళి, డిస్కు పేరు కనిపిస్తోందో లేదో చూడండి. పేరే లేకపోతే బూట్ రికార్డు గురించి ఆలోచించడం అనవసరం. సాటా కేబులో, పవర్ వైరో, డిస్కు కింది బోర్డో పోయి ఉంటుంది. బందరు, నాగాయలంక వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుము పట్టడం మామూలే. కేబులు తీసి గట్టిగా పెడితేనే కొన్ని లేస్తాయి. మదర్‌బోర్డు మీదుండే రూపాయి బిళ్ళంత బ్యాటరీ, సీఆర్2032, అయిపోయినా బయాస్ తన సెట్టింగులన్నీ మర్చిపోయి తప్పు వరసలో వెతుకుతుంది. తేదీ చాలా ఏళ్ళు వెనక్కి పోయి కనిపిస్తే అనుమానం దాని మీదే.

కరెంటు పోతే బూట్ రికార్డు ఎందుకు పాడవుతుంది?

నిజానికి కరెంటు పోవడం వల్ల సున్నా సెక్టారు పాడవడం అరుదు. దాన్ని చదవడమే గానీ, రోజువారీ పనిలో దాని మీద ఎవరూ రాయరు. కరెంటు పోయిన క్షణంలో దేని మీద రాత జరుగుతోందో అదే సగంలో ఆగుతుంది. విండోస్ అస్తమానం రాసేది ఫైళ్ళ జాబితాల మీద, లాగుల మీద, అప్‌డేట్ల మీద. అందుకే దెబ్బ ఎక్కువగా అక్కడ తగులుతుంది.

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను లాంటి రోజుల్లో కరెంటు ఒక్కసారిగా పోయి ఊరుకోదు. పోతుంది, వస్తుంది, ఓల్టేజి ఎగిరి మళ్ళీ పోతుంది. డిస్కు తిరగడం మొదలుపెట్టిన ప్రతిసారీ మధ్యలో ఆగితే దాని మీద భారం పడుతుంది. కరెంటు పోగానే, ఇంకా తిరుగుతున్న పళ్ళేల ఊపుతోనే కాస్త విద్యుత్తు పుట్టించుకుని హెడ్డుని సురక్షితమైన చోటికి జరుపుకునే ఏర్పాటు ఇప్పటి డిస్కుల్లో ఉంది. అయినా పాతబడిన డిస్కుకి పదేపదే ఇలా జరిగితే చదవడానికి రాని సెక్టార్లు పుడతాయి. ఆ చదవరాని సెక్టారు బూట్ రికార్డో, పార్టిషన్ మొదటిదో అయినప్పుడు కంప్యూటర్ లేవకుండా ఆగిపోతుంది.

బూట్ రికార్డుని నిజంగా చెరిపేది ఎక్కువగా మన చెయ్యే. పార్టిషన్ సైజు మార్చే సాఫ్ట్‌వేర్ సగంలో ఆగడం, రెండో ఆపరేటింగ్ సిస్టమ్ వేసి తీసేయడం, కొత్త డిస్కు అనుకుని పాత డిస్కుని ‘ఇనిషియలైజ్’ చెయ్యడం. ‘ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి’ అని విండోస్ అడిగినప్పుడు సరేనని నొక్కడం వీటన్నిటికన్నా చెడ్డది. ఆ పెట్టె వస్తే క్యాన్సిల్ నొక్కండి. అడిగినంత మాత్రాన ఒప్పుకోనవసరం లేదు.

మరి షాపులో ఫార్మాట్ ఎందుకు అంటారు?

వాళ్ళ దగ్గర సమయం తక్కువ, సిస్టములు ఎక్కువ. విండోస్ కొత్తగా వేస్తే గంటలో పని అయిపోతుంది, ఫలితం ఖాయం. డిస్కుని వెతికి డేటా లాగాలంటే ఒక రోజు పట్టొచ్చు, వస్తుందో రాదో ముందే చెప్పలేరు. పైగా చాలామందికి కావలసింది కంప్యూటర్ నడవడమే. అందుకని అది వాళ్ళకు అలవాటైన దారి. మీరు వెళ్ళగానే ‘నాకు సిస్టమ్ అక్కర్లేదు, లోపలి ఫైళ్ళు కావాలి’ అని మొదటి మాటగా చెబితే సంభాషణ వేరేగా నడుస్తుంది. ఇది మాత్రం తప్పకుండా చెప్పండి.

ఫార్మాటుల్లోనూ తేడా ఉంది. క్విక్ ఫార్మాట్ కొత్త ఖాళీ జాబితా రాస్తుందే గానీ పాత ఫైళ్ళ మీద చెయ్యి వెయ్యదు. హార్డ్ డిస్కు అయితే తర్వాత కూడా కొంత తీసుకోవచ్చు. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ మాత్రం డిస్కు నిండా సున్నాలు రాసుకుంటూ పోతుంది. దాని తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఎస్‌ఎస్‌డీ సంగతి ఇంకా నిక్కచ్చి. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల క్విక్ ఫార్మాట్ చేసినా లోపలి జాగాని అదే శుభ్రం చేసేసుకోవచ్చు.

అయితే బాగు చెయ్యడం ఎలా?

బాగు చెయ్యడం రెండో పని. మొదటి పని కాపీ. ఈ వరస తిప్పకండి. ఎంత తెలిసినవాళ్ళు చేస్తున్నా సరే, రిపేరు అంటే డిస్కు మీద రాయడమే. తప్పు చోట రాస్తే అప్పటిదాకా భద్రంగా ఉన్నది పోతుంది.

ముందు చెవి పెట్టి వినండి. డిస్కు టక్, టక్ అని ఒకే తీరున కొట్టుకుంటుంటే అక్కడితో ఆపేయండి. అది హెడ్డు దెబ్బ. సాఫ్ట్‌వేర్‌తో పోయేది కాదు. ఆన్ చేసి ఉంచిన ప్రతి నిమిషం పళ్ళెం మీద గీత పడుతుండొచ్చు. దాన్ని డేటా రికవరీ ల్యాబు వాళ్ళకే ఇవ్వాలి. ఖర్చు బాగానే అవుతుంది. ఆ రికార్డింగుకి అంత విలువ ఉందో లేదో తేల్చుకోవలసింది మీరే.

చప్పుడు మామూలుగా ఉంటే రెండు దారులున్నాయి. డిస్కుని విప్పి, యూఎస్‌బీ సాటా అడాప్టరుతో ఇంకో కంప్యూటరుకి తగిలించడం ఒకటి. లేదా ఉబుంటు లాంటి లైనక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా ‘ట్రై’ అనే దాన్ని ఎంచుకుని, ఆ పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్ని నడపడం. రెండో దారిలో డిస్కు విప్పక్కర్లేదు. సీ, డీ డ్రైవులు ఫోల్డర్లుగా తెరుచుకుంటే అదృష్టమే. ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలించి, అన్నిటికన్నా ముందు మళ్ళీ దొరకనివి కాపీ చేసుకోండి. సినిమాలు తర్వాత.

తెరుచుకోకపోయినా, మధ్యలో ఎర్రర్లు వస్తున్నా, ఫైలు ఫైలుగా లాగకండి. డిస్కు మొత్తానికీ ఒక ప్రతిబింబం, అంటే ఇమేజ్, తీయాలి. దానికి డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. దాని తెలివి ఎక్కడంటే, చదవరాని చోట మొండిగా కూర్చోదు. దాటుకుంటూ పోయి, సులువుగా వచ్చేదంతా ముందు తెచ్చేసుకుంటుంది. ఎక్కడెక్కడ వదిలేసిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుని, చివర్లో ఆ ముక్కల కోసం మళ్ళీ ప్రయత్నిస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ మ్యాప్ ఫైలు ఉంటే ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. మన ప్రాంతానికి బాగా పనికొచ్చే గుణం అది. ఆరోగ్యంగా ఉన్న ఒక టెరాబైటు డిస్కు సెకనుకి వంద మెగాబైట్ల చొప్పున ఇచ్చినా దాదాపు 2 గంటల 45 నిమిషాలు పడుతుంది. జబ్బు డిస్కుకి రాత్రంతా పట్టొచ్చు. యూపీఎస్ గానీ ఇన్వర్టర్ గానీ లేకుండా మొదలుపెట్టకండి.

డిస్కు ఇచ్చే ఆరోగ్య సమాచారాన్ని స్మార్ట్ అంటారు. అందులో ‘రీఅలొకేటెడ్’, ‘కరెంట్ పెండింగ్’ అనే రెండు వరసలు చూడండి. రెండూ సున్నా అయితే డిస్కు చాలావరకు మంచిదే, రాత మాత్రమే చెడి ఉండొచ్చు. అంకెలు పెరుగుతూ ఉంటే బాగు చేసినా ఆ డిస్కుని నమ్మకూడదు.

కాపీ చేతిలో ఉన్నాక, ఇప్పుడు రిపేరు. మిగతా డిస్కులన్నీ తీసేసి ఇదొక్కటే ఉంచండి. ఇంకో కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ ఎక్కించి, దానితో లేపండి. ‘ఇన్‌స్టాల్ నౌ’ నొక్కకండి. కింద మూల ‘రిపేర్ యువర్ కంప్యూటర్’ ఉంటుంది. అందులో ముందు ‘స్టార్టప్ రిపేర్’ని దాని పని చేసుకోనివ్వండి. అవకపోతే కమాండ్ ప్రాంప్ట్. ఇక్కడ తెలుగులో రాస్తున్నా టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే.

‘బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్’ అంటే సున్నా సెక్టారులోని ప్రోగ్రాముని కొత్తగా రాస్తుంది. పార్టిషన్ టేబుల్‌ని ముట్టుకోదు. ‘బూట్‌రెక్ /ఫిక్స్‌బూట్’ పార్టిషన్ మొదటి సెక్టారుని కొత్తగా రాస్తుంది. ‘బూట్‌రెక్ /రీబిల్డ్‌బీసీడీ’ డిస్కులో విండోస్ ఎక్కడుందో వెతికి జాబితాని మళ్ళీ కడుతుంది. పైన చెప్పుకున్న వరసకీ ఈ మూడిటికీ ఉన్న సంబంధం మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. మీకు వచ్చిన లైను ప్రకారం టేబుల్ సరిగానే ఉంటే, ఎక్కువ పని రెండోదానిది. మొదటిది ఒక్కటే కొట్టి ‘రాలేదండీ’ అని వదిలేసేవాళ్ళు చాలామంది. గొలుసులో తెగిన చోటు తెలియక అలా జరుగుతుంది.

యాక్టివ్ గుర్తు తప్పు పార్టిషన్ మీద ఉన్నా ఇదే లైను రావచ్చు. దాన్ని డిస్క్‌పార్ట్ అనే ప్రోగ్రాముతో మార్చాలి. డిస్కుని, పార్టిషన్‌ని ఎంచుకుని ‘యాక్టివ్’ అనాలి. విండోస్ 7లో అది సాధారణంగా 100 ఎంబీల చిన్న పార్టిషన్. అయితే డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్’ అనే మాట కూడా ఉంది. పేరు చూసి శుభ్రం చేస్తుందేమో అనుకోకండి. అది పార్టిషన్ లెక్కలన్నీ తుడిచేస్తుంది, మళ్ళీ అడగదు కూడా. అలిసిపోయిన రాత్రిపూట డిస్క్‌పార్ట్ తెరవకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

నాది కొత్త కంప్యూటర్ అయితే?

అప్పుడు పై కమాండ్లలో చాలావరకు పనికిరావు. సుమారు విండోస్ 8 కాలం నుంచి వచ్చిన కంప్యూటర్లలో బయాస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ, ఎంబీఆర్ స్థానంలో జీపీటీ ఉంటున్నాయి. పాత పద్ధతి రెండు టెరాబైట్లకు మించిన డిస్కుని లెక్కపెట్టలేకపోవడం దీనికి ఒక కారణం. డిస్క్‌పార్ట్‌లో ‘లిస్ట్ డిస్క్’ అంటే జీపీటీ అన్న గడిలో నక్షత్రం గుర్తు కనిపిస్తే మీది కొత్త పద్ధతి.

జీపీటీలో నాకు నచ్చేది ఒకటుంది. టేబుల్ రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి డిస్కు మొదట్లో, ఇంకోటి చిట్టచివర. ప్రతి దానికీ సరిచూసుకునే సంఖ్య ఉంటుంది కాబట్టి ఏది చెడిందో తెలిసిపోతుంది. మొదటిది పోతే చివరిదాన్ని చూసి మళ్ళీ రాయొచ్చు. 1983 నాటి పద్ధతికి ఈ రెండో ప్రతి లేదు. ఇన్నేళ్ళ కష్టాలకి మూలం అదే.

ఇక్కడ బూట్ ఫైళ్ళు సున్నా సెక్టారులో కాక, ఈఎఫ్‌ఐ అనే చిన్న పార్టిషన్లో ఉంటాయి. కాబట్టి ఆ పార్టిషన్‌కి డిస్క్‌పార్ట్‌లో ఎస్ అని ఒక అక్షరం ఇచ్చి, ‘బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్‌ఐ’ అంటే ఫైళ్ళు మళ్ళీ వచ్చి కూర్చుంటాయి. రిపేరు తెరలో సీ డ్రైవ్ పేరు డీ అయిపోయి ఉండొచ్చు, ముందు చూసుకోండి. డిస్కుకి బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. విండోస్ 11 కంప్యూటర్లలో మనకు తెలియకుండానే అది వేసి ఉండే అవకాశం ఉంది. కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. అది లేకుండా ఏ ల్యాబూ సాయం చెయ్యలేదు. కంప్యూటర్ బాగున్న రోజునే కాగితం మీద రాసుకోండి.

టేబులే పోయి, డ్రైవులేవీ కనిపించకపోతే?

గట్లు చూసి పొలం కొలిచే పని ఇదే. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాము ఆ పని చేస్తుంది. ఫ్రాన్సుకి చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే రాసింది. డిస్కు పొడుగునా పార్టిషన్ల ఆనవాళ్ళు వెతికి, ఫలానా చోట ఒకటి మొదలవుతోంది, ఫలానా చోట ముగుస్తోంది అని జాబితా ఇస్తుంది. అక్కడ తొందరపడి ‘రైట్’ కొట్టకండి. ఒక్కో వరస మీదా నిలబడి ‘పీ’ అక్షరం నొక్కండి. మీ ఫోల్డర్ల పేర్లు, మీ పాటల పేర్లు కనిపిస్తే ఆ వరస నిజమైనది. కనిపించకపోతే ఎప్పటిదో పాత ఆనవాలు. పేర్లు చూశాకే రాయండి. అసలు రాయకుండా, ఆ తెర మీదే ఫైళ్ళని ఎంచుకుని ఇంకో డిస్కుకి కాపీ చేసుకోవచ్చు కూడా. మీ పరిస్థితిలో నేనైతే అదే చేస్తాను.

ఇది వైరస్ పని కావచ్చా?

ఈ రోజుల్లో తక్కువే. కానీ పీసీ వైరస్‌ల కథ మొదలైంది బూట్ సెక్టారులోనే. 1986లో లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు రాసిన బ్రెయిన్, ఫ్లాపీల బూట్ సెక్టారులో కాపురం పెట్టేది. మైకెలాంజిలో వైరస్ 1992 మార్చి 6న ప్రపంచమంతటినీ భయపెట్టింది. మంకీ అనేది అసలు టేబుల్‌ని మార్చి వేరేచోట దాచేది. తొందరపడి కొత్త బూట్ రికార్డు రాసినవాళ్ళు వైరస్‌తోపాటు తమ డ్రైవుల్నీ పోగొట్టుకున్నారు. ముందు కాపీ, తర్వాత రిపేరు అన్న నియమం అప్పటి నుంచీ ఉన్నదే.

2017లో రెండు దెబ్బలు వెంటవెంటనే వచ్చాయి. మే 12న మొదలైన వానాక్రై మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నిటినీ తాకింది. అది ఫైళ్ళకి తాళం వేసిందే గానీ బూట్ రికార్డు జోలికి పోలేదు. కంప్యూటర్ లేచి, డబ్బు అడిగేది. జూన్ 27న వచ్చిన నాట్‌పెట్యా బూట్ రికార్డునే తిరగరాసింది. ముంబై దగ్గరి జేఎన్‌పీటీ రేవులో ఒక టెర్మినల్ పని దాని వల్ల ఆగిపోయింది. అక్కడ బూట్ రికార్డు ఒక్కటే బాగు చేసి లాభం లేకపోయింది, ఫైళ్ళ జాబితాకి కూడా తాళం పడింది కాబట్టి. 2024 జులై 19న దేశంలో ఎన్నో విమానాశ్రయాల్లో తెరలు నీలమైపోయి, హైదరాబాదులో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చిన సంగతి గుర్తుండే ఉంటుంది. అది వైరసూ కాదు, బూట్ రికార్డూ కాదు. ఒక రక్షణ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తప్పుగా వచ్చి విండోస్ లేవగానే పడిపోయింది. లేవకపోవడానికి కారణాలు ఇన్ని రకాలు.

డిస్కు నీళ్ళలో నానితే?

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడని ముంచినప్పుడు ఇళ్ళల్లో, షాపుల్లో కంప్యూటర్లెన్నో నీళ్ళపాలయ్యాయి. మామూలు హార్డ్ డిస్కుకి గాలి కోసం చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని మూయొద్దని పక్కనే రాసి ఉంటుంది కూడా. వరద నీళ్ళు అందులోంచే లోపలికి పోతాయి. అలాంటిదాన్ని ఎండలో పెట్టకండి, బియ్యంలో పూడ్చకండి, ఆన్ చేసి మాత్రం అస్సలు చూడకండి. లోపలి బురద పళ్ళెం మీద ఎండి గట్టిపడితే తీయడం ఇంకా కష్టం. తడిగానే ప్లాస్టిక్ సంచిలో మూసి ల్యాబుకి పంపాలి.

మళ్ళీ ఇలా జరగకుండా ఏం చెయ్యాలి?

కంప్యూటర్ లేచాక, లైనక్స్ పెన్‌డ్రైవ్ నుంచి డీడీ అనే కమాండుతో సున్నా సెక్టారు 512 బైట్లని ఒక ఫైలుగా తీసి పెట్టుకోవచ్చు. ఎప్పుడైనా తిరిగి పెట్టాల్సి వస్తే 446 బైట్లే రాయండి. మొత్తం 512 రాస్తే ఈ మధ్యలో మార్చిన పార్టిషన్ల లెక్క పాతదైపోతుంది. మంచి యూపీఎస్ ఒకటి పెట్టండి. ఉరుములు మొదలవగానే ప్లగ్గు తీసెయ్యండి.

అయితే వీటన్నిటికన్నా ముఖ్యం రెండో కాపీ, అది ఎక్కడ ఉంది అన్నది. అదే ఇంట్లో, అదే బీరువాలో ఉంటే చాలదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చిన ప్రాంతం మనది. గుడివాడలో చుట్టాలింట్లో ఉన్న కాపీ కూడా అదే తుపాను దారిలో ఉంటుంది. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న శిష్యుల దగ్గర ఒకటి ఉంచండి. మీ పాటలు వాళ్ళకీ కావాలి, ఇష్టంగానే దాస్తారు. ఊరికే పెట్టిన హార్డ్ డిస్కు కూడా ఏళ్ళ తరబడి తిరగకుండా ఉంటే మొరాయిస్తుంది. కాబట్టి ఏడాదికోసారి తగిలించి, ఒకటి రెండు పాటలు మొదటి నుంచి చివరిదాకా వినమని చెప్పండి. పేరు కనిపించినంత మాత్రాన ఫైలు బాగున్నట్టు కాదు.

ప్రస్తుతానికి మీరు చెయ్యాల్సింది ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు కొనడం. పాత డిస్కు ఎంత సైజో అంతకన్నా పెద్దది తీసుకోండి, మొత్తం ఇమేజ్ పట్టాలి. డీడీరెస్క్యూ సంగతి తెలిసినవాళ్ళు దొరికాకే ఆ కంప్యూటర్ ప్లగ్గు మళ్ళీ పెట్టండి.